ఆఫీసు కరెంటు బిల్లు ఎవరి జేబులోది?

ప్రభుత్వ ఆఫీసులో ఖాళీ కుర్చీల మీద ఫ్యాన్లు తిరుగుతుంటే చూసినవాళ్లు సిబ్బందిని తిట్టుకుంటారు. వాళ్ల తప్పు కొంత ఉంది. అసలు చిక్కు మాత్రం పద్దుల్లో ఉంది. మండల, జిల్లా స్థాయి ఆఫీసుల్లో కరెంటు చార్జీలకు బడ్జెట్ వస్తుంది. అందులో ఏమన్నా మిగిలిస్తే మార్చి 31తో మురిగిపోతుంది. ఆ డబ్బుతో మంచి ఫ్యాన్లు కొనుక్కుందామన్నా కుదరదు. ఇక కట్టకపోతే ఏమవుతుందన్న టెన్షనూ తక్కువే. మన ఇంటి బిల్లు ఆలస్యమైతే లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకుతాడు. పంచాయతీలు, మున్సిపాలిటీల బకాయిలు మాత్రం డిస్కమ్‌ల (కరెంటు పంపిణీ సంస్థల) లెక్కల్లో ఏళ్ల తరబడి పేరుకుపోతూనే ఉంటాయి.

ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. దాన్ని అమలు చేసే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ 2002 మార్చిలో మొదలైంది. 2004లో హైదరాబాద్‌లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. హరిత భవనాలకిచ్చే లీడ్ రేటింగుల్లో అన్నిటికన్నా పైదైన ప్లాటినం పొందిన ఆ భవనంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా భాగస్వామే. అంటే నమూనా మన ఊళ్లోనే ఉంది, పక్కనున్న సర్కారు ఆఫీసుల్లో మాత్రం చోక్ ట్యూబులే గుయ్యిమంటూ ఉండిపోయాయి.

2007లో భవనాల ఇంధన పొదుపు కోడ్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ దాన్ని 2014లో తన నిబంధనల్లోకి తెచ్చుకుంది. అయితే కేంద్ర చట్టం ప్రకారం ఆ కోడ్ 100 కిలోవాట్లు, ఆపైన కనెక్టెడ్ లోడ్ (బిగించిన కరెంటు పరికరాల మొత్తం సామర్థ్యం) ఉన్న పెద్ద భవనాలకే. తహసీల్దార్ ఆఫీసో, పంచాయతీ భవనమో ఆ దరిదాపుల్లోకి కూడా రాదు. పైగా అది ప్రధానంగా కొత్త కట్టడాల కోసం. ఆ 100 కిలోవాట్ల పరిమితిని తగ్గించుకునే వీలు రాష్ట్రాలకు 2022 సవరణతో గానీ రాలేదు.

చిన్న ఆఫీసులో పొదుపు ఏపాటిది అనుకుంటాం. ఒక గదిలో ఆరు పాత ట్యూబులు, నాలుగు ఫ్యాన్లు ఉన్నాయనుకోండి. చోక్‌తో కలిపి ట్యూబుకు 55 వాట్లు, ఫ్యానుకు 75. మొత్తం 630 వాట్లు, ఎనిమిది గంటలకు ఐదు యూనిట్లు. 20 వాట్ల ఎల్ఈడీలు, తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెడితే అదే పని రెండు యూనిట్లలోపే అయిపోతుంది. కిటికీలకు అడ్డంగా పెట్టిన ఫైళ్ల బీరువాలు పక్కకు జరిపితే పట్టపగలు ట్యూబులే అక్కర్లేదు. దానికి ఏ టెండరూ పిలవక్కర్లేదు కదా.

మార్పుకు డబ్బెవరు పెట్టాలన్న ప్రశ్నకు తొలి జవాబు విశాఖలో దొరికింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను నగరంలో వీధిదీపాలను చిందరవందర చేసింది. ఆ తర్వాత కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ 90 వేలకు పైగా ఎల్ఈడీ దీపాలు అమర్చింది. ముందు పెట్టుబడి ఆ సంస్థది. కరెంటు ఖర్చులో మిగిలిన దానిలోంచి కార్పొరేషన్ వాయిదాల్లో తీర్చాలి. 2014లో టోకున 310 రూపాయలకు కొన్న ఎల్ఈడీ బల్బు ధర మూడేళ్లలోపే 38 రూపాయలకు పడిపోవడంతో ఈ లెక్క ఇంకా బాగా కుదిరింది. 2017లో ఇదే పద్ధతిని ప్రభుత్వ భవనాలకూ విస్తరించారు. బల్బులు వెలిగాయి, బిల్లులూ తగ్గాయి, కానీ చాలా స్థానిక సంస్థలు ఆ వాయిదాలను కూడా బకాయి పెట్టాయి. పాత అలవాటు అప్పిచ్చినవాడి దగ్గరా పోలేదు.

ఏసీల సంగతి కొంత సులువుగా తేలింది. 2020 జనవరి 1 నుంచి స్టార్ రేటింగ్ రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీలతో మొదలవ్వాలన్న నిబంధన వచ్చింది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి ప్రభుత్వ భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. డాబా మీద ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేస్తే ఏసీ లేని పంచాయతీ ఆఫీసుకూ ఉపశమనమే.

పద్దుల్లోని అసలు మెలికను తాకింది మాత్రం, ముందే రీచార్జ్ చేస్తేనే కరెంటు ఇచ్చే ప్రీపెయిడ్ మీటరే. బ్లాకు స్థాయి, ఆపై ప్రభుత్వ ఆఫీసులన్నిటికీ 2023 డిసెంబర్‌లోగా ఇవి పెట్టాలని 2021 ఆగస్టులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. సరుకు అందక ముందే డబ్బు కట్టడం సర్కారు ఆర్థిక నియమాలకు పడదు. అందుకని కేంద్ర శాఖలు బ్యాంకు గ్యారంటీ లేకుండానే ముందుగా చెల్లించవచ్చని ఆర్థిక శాఖ విడిగా వివరణ ఇవ్వాల్సి వచ్చింది. గడువు దాటిపోయింది, మీటర్ల పని ఇంకా సాగుతూనే ఉంది. రీచార్జ్ డబ్బు రాష్ట్ర ఖజానా నుంచి గంపగుత్తగా జమైపోతే ఆఫీసులో ఎవరికీ చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ ఆఫీసుకిచ్చిన పద్దులోంచే నెలనెలా తరిగితే, ఖాళీ గదిలో తిరిగే ఫ్యానును ఎవరో ఒకరు లేచి ఆపుతారు.