ర్యాంక్ లిస్టుకు ఆరు నెలల ముందే తేలిపోతున్న ఊరు

అమెరికాలో డాక్టర్లకు స్పెషాలిటీ శిక్షణ సీట్లను కంప్యూటర్ ద్వారా కేటాయించే రెసిడెన్సీ మ్యాచ్ మీద మళ్లీ రచ్చ మొదలైంది. 2025 మార్చిలో ప్రతినిధుల సభ న్యాయ కమిటీ మ్యాచ్‌తో సంబంధమున్న సంస్థలకు లేఖలు రాసింది. మే నెలలో ఉపసంఘం ముందు విచారణ కూడా జరిగింది. గుత్తాధిపత్య నిరోధక చట్టాల నుంచి మ్యాచ్‌కు 2004లో దొరికిన మినహాయింపు ఇంకా అవసరమా అన్నది అక్కడ ప్రశ్న. ఆ పేరు మీద పాత ఫిర్యాదులన్నీ బయటికొచ్చాయి: జీతాలు, పని గంటలు, కంప్యూటర్ ఏ ఊరు చూపిస్తే ఆ ఊరికి మూటాముల్లె సర్దుకోవాల్సి రావడం. న్యూజెర్సీలోని ఎడిసన్, టెక్సాస్‌లోని డాలస్ లాంటి చోట్ల స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో చివరిదే పెద్ద బెంగ. అమ్మాయికి ఆర్థోపెడిక్స్ కావాలి, కానీ ఆరోగ్యం బాగాలేని తండ్రికి దగ్గర్లో ఉండాలి. లేదా భర్త హెచ్1బీ ఉద్యోగం ఒకే నగరానికి ముడిపడి ఉంది.

ఈ కోపమంతా మార్చిలో ఫలితం చెప్పే కంప్యూటర్ మీదికి పోతోంది. ఊరి విషయంలో దాని తప్పు చాలా తక్కువ.

1952లో మ్యాచ్ ఎలా పుట్టిందో చాలామందికి తెలిసిందే కాబట్టి వదిలేద్దాం. ఇప్పటి గొడవకు పనికొచ్చేది 1998 మ్యాచ్ నుంచి అమల్లో ఉన్న లెక్క. అభ్యర్థులు తమకు కావలసిన ప్రోగ్రాంలను (శిక్షణ ఇచ్చే ఆస్పత్రి విభాగాలను), ప్రోగ్రాంలు తమకు కావలసిన అభ్యర్థులను వరుసగా రాసి ఇస్తారు, అవే ర్యాంక్ లిస్టులు. ఆర్థికవేత్త ఆల్విన్ రాత్, ఇలియట్ పెరాన్సన్ తిరగరాసిన ఆ పద్ధతి అభ్యర్థి జాబితాతో మొదలవుతుంది. ముందు మీ మొదటి పేరు దగ్గర ప్రయత్నిస్తుంది. అక్కడి సీట్లు ఆ ప్రోగ్రాం మీకంటే పైన పెట్టుకున్న వాళ్లతో నిండిపోతే రెండో పేరుకు దిగుతుంది. ఒక ప్రోగ్రాంను మీరు ఆరో పేరుగా రాశారని అక్కడ మీ అవకాశం వీసమెత్తు తగ్గదు. కాబట్టి ఇంటి పక్కనున్న చిన్న ప్రోగ్రాంను మొదటా, దేశమంతా పేరున్నదాన్ని ఐదోదిగానూ పెట్టుకోవచ్చు. మనసులో ఉన్న వరుసను ఉన్నట్టు రాయడమే అక్కడ మంచి ఎత్తుగడ. భార్యాభర్తలు ఇద్దరూ మ్యాచ్‌లో ఉంటే జంటగా రాసుకునే వీలు 1984 నుంచే ఉంది. ఒక్కో వరుసలో రెండు ప్రోగ్రాంలు ఉంటాయి. రెండూ కుదిరితేనే ఆ వరుస కుదిరినట్టు.

మినహాయింపును వ్యతిరేకించేవాళ్లు 2004నే మలుపు అంటారు. 2002లో కొందరు డాక్టర్లు మ్యాచ్ మీద వాషింగ్టన్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. అది నడుస్తుండగానే పింఛన్ నిధుల బిల్లు ఒకదానిలో 207వ సెక్షన్‌గా కాంగ్రెస్ మినహాయింపు చేర్చింది. ఆ ఏప్రిల్‌లో చట్టమైంది, ఆగస్టులో దావా కొట్టేశారు. ప్రోగ్రాంలు కూడబలుక్కుని స్టైపెండ్ ఖాయం చేసుకోవడానికి మాత్రం ఆ సెక్షన్ రక్షణ ఇవ్వలేదు. జీతాల కథలో అది ముఖ్యమే. ఊరి కథలో మలుపు 2020కీ 2023కీ మధ్య వచ్చింది, దానికి ఏ చట్టమూ అవసరం కాలేదు.

అంతకుముందు ఆర్థో లాంటి స్పెషాలిటీలో ఊరి మీద ఆసక్తిని చూపించే దారి "ఎవే రొటేషన్" (away rotation). తన కాలేజీ కాని చోట సుమారు నాలుగు వారాలు పనిచేసి, పొద్దున్నే రౌండ్లకు నిలబడి, ఆపరేషన్ థియేటర్లో చేతులు కడుక్కుని అక్కడివాళ్ల కంట్లో పడటం. ఖర్చు ఎక్కువే, గది అద్దె సొంతంగా పెట్టుకోవాలి. అయినా మనిషి మనిషిని చూసేవాడు. కోవిడ్ రాగానే 2020 మేలో వైద్య విద్యా సంస్థల కూటమి ఈ రొటేషన్లు వద్దంది, సొంత కాలేజీలో ఆ విభాగం లేనివాళ్లకు తప్ప. మరుసటి ఏడాది ఒకటికి మించవద్దంది. ఇంటర్వ్యూలు తెర మీదికి మారాయి. విమానం టికెట్టు, హోటలు ఖర్చు లేకపోయేసరికి పిలిచిన ప్రతిచోటికీ ఒప్పుకోవడం మామూలైంది. కాలిఫోర్నియా కుర్రాడికి ఒహాయో మీద నిజంగా ఇష్టముందో లేదో ఒహాయో వాళ్లకు తెలిసే దారి మూసుకుపోయింది. 2022 జనవరి 26 నుంచి డాక్టర్ లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1కు మార్కులు పోయి పాస్, ఫెయిల్ మాత్రమే మిగిలాయి. కుప్పలు తెప్పలుగా వచ్చే దరఖాస్తులను జల్లెడ పట్టడానికి ప్రోగ్రాంల చేతిలో ఉన్న మొరటు సాధనం కూడా అలా జారిపోయింది.

ఆ ఖాళీలోకి వచ్చింది సిగ్నల్. దరఖాస్తుతో పాటు కొన్ని ప్రోగ్రాంలకు మాత్రమే "మీరంటే నాకు ఆసక్తి" అని గుర్తు పంపడం. 2020-21 సీజన్లో చెవి, ముక్కు, గొంతు విభాగం ఐదు సిగ్నళ్లతో మొదలుపెట్టింది. మరుసటి ఏడాది జనరల్ సర్జరీ, డెర్మటాలజీ, ఇంటర్నల్ మెడిసిన్ చిన్న సంఖ్యలతోనే చేరాయి. 2022-23లో ఆర్థోపెడిక్స్ ఏకంగా 30 ఇచ్చింది. తర్వాత న్యూరోసర్జరీ, చెవి ముక్కు గొంతు 25కూ, యూరాలజీ 30కీ వెళ్లాయి.

ఐదుకూ 30కీ మధ్య ఉన్న తేడా అంకెలది మాత్రమే కాదు, అర్థం తలకిందులైంది. ఐదే ఉన్నప్పుడు సిగ్నల్ వస్తే ప్రత్యేకం, రాకపోతే ఏమీ అనుకోరు, ఎందుకంటే ఒక ప్రోగ్రాంకు దరఖాస్తు పెట్టేవాళ్లలో చాలామంది దానికి సిగ్నల్ పంపలేరు. 30 ఉన్నప్పుడు రాకపోవడమే వార్త. ముప్ఫైలో కూడా మమ్మల్ని చేర్చలేదంటే మేం అక్కర్లేదన్నమాట అని ప్రోగ్రాం అనుకుంటుంది, ఆ దరఖాస్తు తెరవదు. పేరుకు ఎన్నిటికైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆచరణలో 30 దగ్గర గీత పడింది. దరఖాస్తులు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ ఈరాస్ ఫీజు కూడా అదే గీత దగ్గర మారుతుంది: మొదటి 30 ప్రోగ్రాంలకు ఒక్కోదానికి 11 డాలర్లు, ఆ పైన ఒక్కోదానికి 30. ఎనభైకి పెడితే 1,830 డాలర్లు. అందులో 1,500 సిగ్నల్ లేని యాభై దరఖాస్తులకు పోతాయి.

ప్రోగ్రాంల వాదన ఇదీ. ఏటా ఆర్థోలో 900కు కొంచెం పైగా సీట్లుంటాయి, ఒక్కో ప్రోగ్రాంకు వందల దరఖాస్తులు వస్తాయి, వాటిని చదివే డాక్టర్లు సాయంత్రం థియేటర్ నుంచి వచ్చి కూర్చునేవాళ్లు. సిగ్నళ్లతో కుప్ప తగ్గింది, నిజంగా రావాలనుకునేవాళ్లు కనపడుతున్నారు. ఊరికి కట్టుబడ్డ అభ్యర్థికి కూడా ఇది మేలేనంటారు, ఇష్టం చెప్పుకునే దారి దొరికిందని. అబద్ధమేమీ కాదు.

అయితే ఆ అభ్యర్థి వైపు నుంచి లెక్క చూడాలి. పాత పద్ధతిలో దేశమంతా దరఖాస్తు పెట్టి, వచ్చిన ఇంటర్వ్యూలకు వెళ్లి, చివర్లో ర్యాంక్ లిస్టులో సొంత ఊరిని పైన పెట్టుకునేవాడు. లిస్టులో ఊరిని పైకి జరపడానికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడు ఆ ఇష్టాన్ని సెప్టెంబరులోనే సిగ్నళ్లతో కొనాలి. టెక్సాస్‌లో ఉండి తీరాలనుకునే అమ్మాయి 30లో ముందు సొంత కాలేజీకి ఒకటి పెట్టాలి. పెద్ద సంఖ్య ఇచ్చే స్పెషాలిటీల్లో సొంత ప్రోగ్రాంకు పెట్టకపోతే "మా పిల్లే మమ్మల్ని వద్దంది" అనుకుంటారు. రొటేషన్ చేసిన రెండు మూడు చోట్లకూ పెట్టక తప్పదు. మిగిలినవాటిలో టెక్సాస్ ప్రోగ్రాంలన్నిటికీ పెడితే, అందులో తన స్టెప్ 2 మార్కులకు అందని పెద్ద పేర్లు కూడా ఉంటాయి. అవి వృథా అయ్యే సిగ్నళ్లు. వాటిని ఆపుకుని అర్కాన్సస్, ఓక్లహోమా, కాన్సస్ వైపు చల్లితే సీటు దొరికే అవకాశం పెరుగుతుంది, ఇంటికి దూరమయ్యే అవకాశమూ పెరుగుతుంది. సీటా, ఊరా అన్న ప్రశ్న మార్చి నుంచి సెప్టెంబరుకు జరిగింది. అప్పటికి ఆమె చేతిలో ఒక్క ఇంటర్వ్యూ పిలుపు కూడా లేదు.

జంటల పరిస్థితి ఇంకా చిక్కు. మ్యాచ్ కంప్యూటర్ ఇద్దరినీ కలిపి చూస్తుంది, సిగ్నళ్లు ఎవరివి వాళ్లవే. ఒకరికి ఆర్థోలో 30 ఉండి, రెండోవారి స్పెషాలిటీలో ఐదే ఉంటే, ముప్ఫైలో చాలా నగరాల్లో రెండోవారికి సిగ్నల్ ఉండదు. పెద్ద నగరంలో ఒకరి స్పెషాలిటీకే మూడు నాలుగు ప్రోగ్రాంలు ఉంటాయి కాబట్టి జంటలు షికాగో, ఫిలడెల్ఫియా, హ్యూస్టన్ మీద పడతారు. పోటీ కూడా అక్కడే ఎక్కువ. అనుభవమున్న సలహాదారులు ముందు నగరాల పట్టిక వేసి, ఆ తర్వాతే ప్రోగ్రాంలు ఎంచుకోమంటున్నది అందుకే. చాలామంది తిరగేసి చేస్తారు. అక్టోబరులో ఒకరికి పిలుపులన్నీ ఒక తీరాన, రెండోవారికి రెండో తీరాన వస్తాయి.

సిగ్నల్‌కు తోడుగా దరఖాస్తులో భౌగోళిక ప్రాధాన్యం అని మరో భాగం ఉంది. జనగణన విభాగాల ఆధారంగా దేశాన్ని తొమ్మిది ముక్కలు చేసి, మూడు వరకు ఎంచుకోమంటారు. ఒక్కోదానికి కారణం రాసుకోవడానికి 300 అక్షరాలిస్తారు. ఎంచుకున్న ముక్కలో ఉన్న ప్రోగ్రాంకే ఆ ఎంపిక కనిపిస్తుంది. ఎంచుకోని ముక్కలోని ప్రోగ్రాంకు ఖాళీ కనిపిస్తుంది, అసలు ఈ భాగం నింపనివాడిదీ అలాగే ఖాళీగా కనిపిస్తుంది. "ప్రాధాన్యం లేదు" అని గుర్తు పెడితే మాత్రం అందరికీ అదే కనిపిస్తుంది. ఏమీ అడ్డురాదులే అని చాలామంది దాన్ని నొక్కేస్తారు. ఇంటి దగ్గర ఉండాలన్న బలమైన కారణం ఉన్నవాళ్లు అలా నొక్కితే, కారణం చెప్పే అవకాశాన్ని చేతులారా పారేసుకున్నట్టే.

గీతలు గీసినవాళ్లకు మనుషులు ఎక్కడ నివసిస్తారో పట్టినట్టు లేదు. ఫిలడెల్ఫియా ఒక విభాగం, దానికి 30 మైళ్ల దూరంలోని డెలావేర్ విల్మింగ్టన్ మరో విభాగం. సిన్సినాటి నుంచి వంతెన దాటి కెంటకీలో అడుగుపెడితే విభాగం మారుతుంది. ఎడిసన్‌లో తల్లిదండ్రులున్న అబ్బాయి మధ్య అట్లాంటిక్ అని పెడితే, పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా అవతలి కొసన ఉన్న పిట్స్‌బర్గ్ కూడా అందులో పడుతుంది. ఎంతో దగ్గరున్న న్యూ హేవెన్ పడదు, అది న్యూ ఇంగ్లండ్. 300 అక్షరాల్లో "కుటుంబం దగ్గర ఉండాలని" అని రాసి వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. తల్లిదండ్రులు ఏ పట్టణంలో ఉన్నారు, తాను అక్కడ ఎన్నేళ్లు పెరిగాడు, అయిదేళ్ల శిక్షణ పూర్తిచేసి అక్కడే ఉండిపోయే ఉద్దేశముందా, ఈ మూడూ రాస్తేనే చదివేవాళ్ల దగ్గర పని జరుగుతుంది.

వీసా ఉన్నవాళ్లకు గీతలు ఇంకా బిగుతు. హెచ్1బీ మీద ఉన్న భాగస్వామి పనిచేసే చోటు వేరే నగర ప్రాంతానికి మారాలంటే కంపెనీ ముందుగా సవరించిన పిటిషన్ వేయాలి. కంపెనీకి అది ఇష్టం లేకపోతే ఆ ఇల్లు కదలదు. అభ్యర్థికే హెచ్1బీ కావాలంటే స్టెప్ 3 ముందే పాసై ఉండాలి. ఆ వీసా ఇచ్చే సర్జరీ ప్రోగ్రాంలు ఎటూ తక్కువే, వాటిని వెతుక్కుని మరీ సిగ్నళ్లు పెట్టుకుంటారు. 2025లో దరఖాస్తులు సెప్టెంబరు 3 నుంచి పంపే వీలు కలిగింది, 24 నుంచి ప్రోగ్రాంలు చదవడం మొదలుపెట్టాలి. మధ్యలో 19న, కొత్త హెచ్1బీ పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలన్న అధ్యక్ష ప్రకటన వెలువడింది. దేశంలోనే ఉండి వీసా హోదా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని అధికారులు స్పష్టం చేసేసరికి అక్టోబరు 20 అయింది. దరఖాస్తు పంపాక సిగ్నల్ మార్చుకునే వీలు లేదు. 19కి ముందే పంపేసినవాళ్ల సిగ్నళ్లు ఎక్కడివక్కడే ఉండిపోయాయి.