అవ్వ మెదడులో కలుపు తీసేవాళ్లు

చిట్టికీ, నానీకీ తాత ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్లో నానీ ఒక మాట అడిగాడు. "తాతా, ఒంట్లోకి క్రిములు వస్తే తెల్ల రక్తకణాలు పోట్లాడతాయని మా మేడమ్ చెప్పింది. మరి అవ్వ మెదడులో అవి లేవా? జబ్బుతో ఎందుకు పోట్లాడటం లేదు?" అప్పుడు నేను జవాబు చెప్పలేదు. మీ అవ్వ పక్కనే కూర్చుని ఉంది. ఆమె ఎదురుగా ఆమె మతిమరుపు జబ్బు ఆల్జైమర్స్ గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. కానీ ముప్పై ఏళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పినవాణ్ని. పిల్లవాడు ఇంత మంచి ప్రశ్న అడిగితే ఊరుకోలేను. అందుకే ఈ ఉత్తరం.

పోట్లాడే కణాలు ఉన్నాయి నానీ. పోట్లాడుతూనే ఉన్నాయి. చిక్కంతా అక్కడే ఉంది.

వాటి పేరు మైక్రోగ్లియా. స్పెయిన్‌లో రియో ఓర్తెగా అనే శాస్త్రవేత్త 1919లో వెండి లవణాలతో రంగు పట్టించి వీటిని విడిగా చూపించి, ఆ పేరు పెట్టాడు. రక్తంలోని తెల్ల కణాలు ఎముకల మూలుగలో పుడతాయి కదా, ఇవి అలా కాదు. తల్లి కడుపులో బిడ్డ ఇంకా రూపం కట్టకముందే, పిండం పక్కనుండే సొనసంచిలో పుట్టి మెదడులోకి చేరతాయి. ఆ తర్వాత అక్కడే ఉండి, అక్కడే తమ సంతతిని పెంచుకుంటాయి. అంటే మీ అవ్వ పుట్టకముందు నుంచీ ఆమెను కనిపెట్టుకుని ఉన్నవి అవి.

చాలాకాలం వీటిని, జబ్బు చేస్తే తప్ప కదలని కణాలనుకున్నారు. 2005లో బతికున్న ఎలుకల మెదడును ప్రత్యేకమైన మైక్రోస్కోపుతో చూస్తే సంగతి వేరేగా తేలింది. ఒక్కో కణమూ తన సన్నటి కొమ్మల్ని చాస్తూ, ముడుస్తూ చుట్టుపక్కలంతా తడుముతూనే ఉంది. మన చేను తడి మీద ఉన్నప్పుడు నేను రాత్రిపూట టార్చీ, పార తీసుకుని గట్ల వెంట తిరగడం మీరు చూశారు. ఎండ్రకాయ బొక్క పెట్టిందంటే తెల్లారేసరికి మడిలో నీళ్లుండవు. బొక్క కనిపించగానే ఇంత బురద తీసి కొట్టాలి. మైక్రోగ్లియా అలా రాత్రీ పగలూ తిరుగుతాయి. చచ్చిన కణాల్ని మింగేస్తాయి, చెత్త ఎత్తేస్తాయి.

ఇక మీ అవ్వ జబ్బు. 1906లో ఆలోయిస్ ఆల్జైమర్ అనే జర్మన్ డాక్టర్, మతిమరుపుతో చనిపోయిన ఒకామె మెదడును పరీక్షించి, తాను చూసింది డాక్టర్ల సభలో చెప్పాడు. నాడీకణాల బయట ఏవో గడ్డలు, లోపల పీచు చిక్కులు. బయటి గడ్డలు అమైలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకున్నవని, లోపలి చిక్కులు టావ్ అనే ప్రోటీన్ ముద్దకట్టినవని తర్వాత తెలిసింది. ఆ గడ్డ ఎక్కడుంటే మైక్రోగ్లియా అక్కడికి చేరతాయి. చుట్టూ గుమిగూడి, కొంత మింగి, మిగిలినదాని చుట్టూ కట్ట వేసినట్టు నిలబడతాయి. పక్కనున్న నాడీకణాలకు దాని విషం తగలకుండా చూస్తాయి. గడ్డ ఉందని కనిపెట్టడానికి వాటి ఒంటి మీద ట్రెమ్‌2 అనే గ్రాహకం ఉంటుంది, యాంటెనా లాంటిది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక చిన్న మార్పు ఉన్నవాళ్లకు ఆల్జైమర్స్ వచ్చే అవకాశం దాదాపు రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువని 2013లో బయటపడింది. చిట్టీ, నువ్వు భయపడతావని తెలుసు. ఆ మార్పు చాలా కొద్దిమందిలోనే ఉంటుంది. నాకు ఇందులో ముఖ్యంగా తోచింది వేరే. కావలి సరిగా లేకపోతే జబ్బు పెరుగుతుందంటే, ఆ కావలి మేలు చేస్తున్నట్టే కదా.

మరి కీడు ఎక్కడ మొదలైంది? దీనికి మన చేలోకే రావాలి.

నాట్లయిన మూడు వారాలకు మడిలో ఊద అనే కలుపు మొలుస్తుంది. లేత ఊదనూ లేత వరినీ పక్కపక్కన పెడితే మీరు పోల్చలేరు. ఆకు కాడను అంటుకునే చోట సన్నటి పొర ఉంటే వరి, లేకపోతే ఊద. కలుపు తీసే ఆడవాళ్లు వంగి చూడను కూడా చూడరు, వేళ్లకే తెలిసిపోతుంది. కొత్తగా వచ్చిన పిల్ల అయితే ఊదతో పాటు వరిని కూడా పీకేస్తుంది. కష్టపడే పీకుతుంది పాపం, సోమరితనమేం కాదు. కానీ సాయంత్రానికి మడిలో ఖాళీలు పడతాయి.

మెదడులో కూడా కలుపు తీత ఉంది. ఒక నాడీకణం ఇంకోదానికి కబురు అందించే చోటును సినాప్స్ అంటారు. చిన్నతనంలో ఇవి అవసరానికి మించి ఉంటాయి. వాడనివాటికి కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు గుర్తు పెడతాయి, మైక్రోగ్లియా వచ్చి వాటిని తినేస్తాయి. మీ ఇద్దరి మెదళ్లూ అలా చక్కబడినవే. ఆల్జైమర్స్‌లో ఆ పాత పని మళ్లీ మొదలవుతుంది, ఈసారి మంచి సినాప్సుల మీద. ఈ జబ్బు తెప్పించిన ఎలుకల్లో, గడ్డలు పేరుకోకముందే ఇది జరుగుతోందని 2016లో చూపించారు. ఆ గుర్తు పెట్టే ప్రోటీన్‌ను అడ్డుకుంటే సినాప్సులు నిలిచాయి. అదొక్కటే కాదు. ఏళ్ల తరబడి మింగిమింగి, మింగింది అరిగించుకోలేక మైక్రోగ్లియా అలసిపోతాయి. వాపు పుట్టించే రసాయనాల్ని వదులుతూనే ఉంటాయి. పుండు మానాక వాపు తగ్గాలి. ఇక్కడ గడ్డ పోదు, వాపూ తగ్గదు, మధ్యలో నాడీకణాలు నలిగిపోతాయి. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బులో కూడా, కణాలు చచ్చిపోయే చోట మైక్రోగ్లియా ఇలాగే రేగి ఉంటాయి.

కాబట్టి ఈ కణాల్ని మొత్తంగా ఆపేస్తే సరిపోదు, మొత్తంగా రెచ్చగొట్టినా సరిపోదు. మందులు వెతికేవాళ్ల కష్టం ఇదే. 2023లో అమెరికాలో లెకానెమాబ్ అనే ఇంజెక్షన్‌కు అనుమతి వచ్చింది. అది అమైలాయిడ్‌కు అతుక్కుని, దీన్ని తీసెయ్యమని మైక్రోగ్లియాకు చూపిస్తుంది. ఏడాదిన్నర పాటు ఇచ్చి చూస్తే జబ్బు ముదరడం సుమారు 27 శాతం నెమ్మదించింది, ఆగలేదు. కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వచ్చాయి. పైగా అది జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లకే. మీ అవ్వ ఆ దశ దాటింది. మొదట చూపించిన చోట వయసు మీద పడిందిలే అన్నారు, నేనూ నమ్మాను. కందిపప్పు డబ్బాలో తాళాలు దొరికినప్పుడైనా నేను గట్టిగా అడిగి ఉండాల్సింది. ఏడాది పైనే పోయింది. ఆ ఏడాది తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పోయిన ఏడాది కలుపు రోజుల్లో ఆమెను చేను దగ్గరికి తీసుకెళ్లాను. గట్టు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టి, నీళ్ల సీసా కోసం అటు తిరిగానో లేదో, చీర ఎగదోపుకుని మడిలోకి దిగేసింది. నా పేరు గుర్తులేని మనిషి. పావుగంట తర్వాత ఆమె పిడికిట్లోది తీసుకుని ఒక్కో మొక్కా విడదీసి చూశాను. అన్నీ ఊద మొక్కలే, ఒక్క వరి పిలక లేదు. ఈ జబ్బు మొదట దెబ్బతీసేది కొత్త జ్ఞాపకాల్ని దాచే హిప్పోక్యాంపస్‌ను. చేతులకు అలవాటైన పనులు మెదడులో వేరే చోట్ల ఉంటాయి, అక్కడికి జబ్బు ఆలస్యంగా వస్తుంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు "నేనెవరో చెప్పు అవ్వా" అని మాత్రం అడగొద్దు. జవాబు దొరక్క ఆమె మొహం ఎలా అయిపోతుందో నేను రోజూ చూస్తున్నాను. "అవ్వా, నేను చిట్టిని, మీ పెద్దోడి కూతుర్ని" అని మీరే చెప్పి పక్కన కూర్చోండి. కుడిచెవి బాగా వినిపిస్తుంది, అటువైపు కూర్చోండి. చేటలో మినుములు పోసి ఇస్తే రాళ్లు ఏరుతుంది, మీరూ ఏరండి. నానీ, ఇంకా ఏమన్నా అడగాలనుంటే కాగితం మీద రాసుకుని రా. కనిగిరి రిజర్వాయర్ నుంచి నీళ్లు ఈసారి ఆలస్యంగా వదిలారు, నాట్లు వెనకబడ్డాయి. కలుపు తీత పండగ రోజుల్లోనే పడుతుంది. అవ్వను తీసుకుని మనం నలుగురం పోదాం.

మీ తాత