మీ వంశవృక్షం రాసేముందు

చిరంజీవులకు ఆశీస్సులు.

మీ కుటుంబ చరిత్ర రాయాలని ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. పేరుమోసిన పూర్వీకుణ్ణి ఒకరిని ముందే ఎంచుకొని, ఆయన నుంచి కిందికి దిగుతూ మీ దాకా రావాలని చూడకండి. అలా దిగేవారికి మధ్యలో తెగిన చోటల్లా ఊహతో ముడివేయాలనే అనిపిస్తుంది. మీ పేరు, మీరు పుట్టిన తేదీతో మొదలుపెట్టి, అమ్మానాన్నలు, వారి అమ్మానాన్నలు అంటూ ఒక్కొక్క మెట్టే వెనక్కి వెళ్లండి. ఒక తరం ఖాయం కానిదే పై తరం జోలికి పోవద్దు. పది తరాలు వెనక్కి వెళ్లేసరికి ఆ ఒక్క వరుసలోనే 1,024 స్థానాలుంటాయి కనుక, అన్నీ నింపేయాలన్న తొందర అనవసరం.

ముందు ఇంట్లోని పెద్దల దగ్గర కూర్చోండి. తేదీలు అడిగితే వారు తడబడతారు. పాత ఫొటో ఒకటి చేతికిచ్చి, ఈ చివర నిలబడినది ఎవరని అడిగితే గంటసేపు చెబుతారు. ఆ ఫొటో వెనక పెన్సిలుతో ఏమైనా రాసి ఉంటే, ఆ దస్తూరీ ఎవరిదో కూడా అప్పుడే కనుక్కోండి. విన్నది వారి మాటల్లోనే రాసి, పక్కన చెప్పినవారి పేరు, విన్న తేదీ వేయండి.

కాగితం మీద ఉన్నదంతా నిజమనీ అనుకోవద్దు. మరణ ధ్రువీకరణ పత్రాన్నే తీసుకోండి. పోయిన తేదీకి అది గట్టి ఆధారమే, ఎందుకంటే ఆ సంగతిని సాధారణంగా జరిగిన కొద్ది రోజుల్లోనే నమోదు చేస్తారు. అందులోని వయసు, తల్లిదండ్రుల పేర్లు మాత్రం దుఃఖంలో ఉన్న కొడుకో కోడలో గుర్తున్నంత మేరకు చెప్పినవి. ఆ మనిషి పుట్టిననాటికి వారెవరూ లేరు. ఒకే కాగితంలో ఒక గడిని నమ్మవచ్చు, పక్క గడిని అనుమానించాలి. ఇక బ్రిటన్‌లో 1841 జనాభా లెక్కలప్పుడు, 15 ఏళ్లు దాటినవారి వయసును ఐదేళ్ల మెట్టుకు తగ్గించి రాయమన్నారు. 39 ఏళ్ల మనిషి అందులో 35 ఏళ్లవాడిగా కనిపిస్తే అది రాసినవారి పొరపాటు కాదు.

నా పొరపాటు ఒకటి చెబుతాను. ఎవరో తయారుచేసిన వంశవృక్షంలో మా ముత్తాత పేరు కనిపించగానే, ఆ కొమ్మనంతా ఎత్తి రాసుకున్నాను. రెండేళ్లు దాని మీదే శ్రమించాక, ఆ పేరుగల పిల్లవాడు నాలుగో ఏటనే పోయినట్టు నమోదు దొరికింది. పేరు, ఊరు, ఈడు కలిస్తే చాలదు. భార్య పేరు, వృత్తి, అన్నదమ్ములు కూడా కలవాలి. ఇతరుల వృక్షాలను ఎక్కడ వెదకాలో చెప్పే సూచనలుగానే వాడుకోండి.

డీఎన్‌ఏ పరీక్ష గురించీ అడిగారు. పెదనాన్న పిల్లలతో మనకు సగటున 12.5 శాతం కలుస్తుంది. ముత్తాతతోనూ దాదాపు అంతే. పరీక్ష దగ్గరితనాన్ని చూపగలదు గానీ, ఆ అంకె ఒక్కటే వరస చెప్పలేదు. అందుకు మళ్లీ కాగితాలే కావాలి.

ఎక్కడ వెదికితే ఏమీ దొరకలేదో అదీ తేదీతో సహా రాసి ఉంచండి. లేకపోతే కొన్నేళ్లకు అదే రిజిస్టరును మొదటి పుట నుంచి మళ్లీ తిరగేస్తారు, నేను తిరగేసినట్టు.

ఇట్లు,
మీ తాతయ్య