జీవజాతుల విస్తరణ: పటం చెప్పేది, చెప్పనిది - అపోహలు, వాస్తవాలు

ఏ ప్రాంతంలో ఎన్ని జీవజాతులు ఉన్నాయి, అవి అక్కడే ఎందుకు ఉన్నాయి, మరోచోట ఎందుకు లేవు అన్న ప్రశ్నలను జీవభూగోళశాస్త్రం పరిశీలిస్తుంది. ఈ రంగంలో పనిచేసే మాకు ప్రపంచపటమే ప్రధాన పరికరం; చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది. ముదురు రంగు ఉన్నచోట జాతులు ఎక్కువ, లేత రంగు ఉన్నచోట తక్కువ అని చూడగానే బోధపడే పటం, ఏ జీవులను లెక్కించారు, ఎంత విస్తీర్ణాన్ని ఒక గడిగా తీసుకున్నారు, ఆ గడిలో ఎవరైనా నిజంగా వెతికారా అన్న మూడు సంగతులనూ దాచిపెట్టి మనల్ని నమ్మిస్తుంది. తరచుగా వినిపించే అపోహలు చాలావరకు వీటిలో ఏదో ఒకదాన్ని విస్మరించడం వల్ల పుట్టినవే.

అపోహ: భూమధ్యరేఖ నుంచి ధ్రువాలవైపు వెళ్లేకొద్దీ అన్ని రకాల జీవుల్లోనూ జాతుల సంఖ్య తగ్గుతుంది, అందుకు కారణం వేడి.

వాస్తవం: చెట్లు, పక్షులు, క్షీరదాలు, ఉభయచరాలు వంటి పెద్ద వర్గాల విషయంలో ఈ తగ్గుదల నిజమే. జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 19వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లోనే దీన్ని గుర్తించాడు. పొరపాటు 'అన్ని రకాల' అనడంలో ఉంది. పేనుబంక జాతులు ఉష్ణమండలంలో కన్నా సమశీతోష్ణ మండలంలోనే ఎక్కువ. బంబుల్ తేనెటీగల్లో ఉన్న సుమారు 250 జాతుల్లో అత్యధికం ఉత్తరార్ధగోళపు చల్లని ప్రాంతాలవి. సీళ్లు, పెంగ్విన్‌ల సంగతి చెప్పనవసరమే లేదు. బహిరంగ సముద్రంలో తిరిగే ట్యూనా వంటి పెద్ద వేటచేపల వైవిధ్యం కూడా భూమధ్యరేఖ మీద కాక, దానికి రెండువైపులా 20 నుంచి 30 డిగ్రీల అక్షాంశాల దగ్గర శిఖరానికి చేరుతుంది. ఇక్న్యుమానిడ్ అనే పరాన్నజీవి కందిరీగలను కూడా చాలాకాలం ఇలాంటి మినహాయింపుగానే చూపేవారు. అమెజాన్ అడవుల్లో శ్రద్ధగా వలలు పెట్టి వెతికిన తరువాత పేరులేని జాతులు అనేకం బయటపడడంతో, ఆ మినహాయింపు నిజమైనదా, లేక వెతకకపోవడం వల్ల కనిపించినదా అన్న సందేహం మొదలైంది.

ఇక వేడే కారణమన్న వాదానికి సహారా ఎడారిని చూపితే చాలు. వేడికి అక్కడ కొదవ లేదు, జాతులకు ఉంది. ఖండాల స్థాయిలో చేసిన పోలికల్లో, చల్లని అక్షాంశాల దగ్గర జాతుల సంఖ్యను ప్రధానంగా అందుబాటులో ఉన్న ఉష్ణశక్తి నిర్ణయిస్తే, వెచ్చని అక్షాంశాల దగ్గర నీరు నిర్ణయిస్తున్నట్లు తేలింది. అయినా వాతావరణం ఒక్కటే కథంతా చెప్పదు. ఉష్ణమండలం ఎక్కువ కాలం ఎక్కువ విస్తీర్ణంలో కొనసాగడం, హిమయుగాల తాకిడి అక్కడ తక్కువగా ఉండడం, కొత్త జాతులు పుట్టే వేగం, పాతవి అంతరించే వేగం, ఇలా రెండు డజన్లకు పైగా వివరణలు పోటీలో ఉన్నాయి. ఉష్ణమండలంలో కొత్త జాతులు త్వరగా పుడతాయన్న వివరణ చెవికి ఇంపుగానే ఉంటుంది. కానీ 2018లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం సముద్రపు చేపల్లో కొత్త జాతులు అత్యంత వేగంగా పుడుతున్నది ధ్రువాలకు దగ్గరి చల్లని నీటిలో అని చూపింది. జాతులు ఎక్కువగా ఉన్న చోటే అవి వేగంగా పుడుతున్నాయని అనుకోవడానికి వీల్లేదు.

అపోహ: ఉష్ణమండల వర్షారణ్యంలో ఏ మూల చూసినా, మరే ప్రాంతంలో కన్నా మొక్కల జాతులు ఎక్కువే ఉంటాయి.

వాస్తవం: అది మీరు ఎంత నేలను కొలుస్తున్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఒక హెక్టారులో మొక్కల జాతుల ప్రపంచ రికార్డు ఈక్వడార్ వర్షారణ్యానిదే: 942 జాతులు. కానీ ఒక్క చదరపు మీటరులో అత్యధిక జాతుల రికార్డు అర్జెంటీనాలోని ఒక కొండ పచ్చికబయలుది: 89 జాతులు. చిన్న విస్తీర్ణాల రికార్డులన్నీ దాదాపుగా, మేతకో కోతకో గురయ్యే సమశీతోష్ణ పచ్చికబయళ్లకే చెందుతాయి. ఒక్క మహావృక్షం నిలబడే చోట అక్కడ డజన్ల కొద్దీ గడ్డిమొక్కలు ఇమిడిపోతాయి. అందువల్ల ఎంత విస్తీర్ణంలో లెక్కించారో చెప్పకుండా 'ఇక్కడ జాతులు ఎక్కువ' అనే వాక్యాన్ని నేను అసంపూర్ణ వాక్యంగానే చదువుతాను.

అపోహ: వాతావరణం ఒకే విధంగా ఉంటే జీవులు కూడా ఒకే విధంగా ఉంటాయి.

వాస్తవం: ఇండోనేషియాలోని బాలి, లాంబాక్ దీవుల మధ్య దూరం సుమారు 35 కిలోమీటర్లు, వాతావరణం దాదాపు ఒకటే. అయినా 1856లో బాలి నుంచి లాంబాక్‌కు దాటిన బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్‌కు బాలిలోని ఆసియా పక్షులు అనేకం అక్కడ కనిపించలేదు. వాటికి బదులు ఆస్ట్రేలియావైపు రకమైన కాకటూ చిలుకలు కనిపించాయి. ఆ రెండు దీవుల మధ్య ఉన్న జలసంధి లోతైనది. హిమయుగాల్లో సముద్రమట్టం సుమారు 120 మీటర్లు పడిపోయినప్పుడు బాలి ఆసియా భూభాగంతో కలిసిపోయింది కానీ, లాంబాక్ విడిగానే ఉండిపోయింది. నేటి వాతావరణం ఒక జాతి ఎక్కడ బతకగలదో చెబుతుంది. అది అక్కడికి ఏనాడైనా చేరగలిగిందా అన్నది భూమి చరిత్ర చెబుతుంది. ఈ జలసంధి గుండా సాగే, ఆసియా జీవులను ఆస్ట్రేలియావైపు జీవుల నుంచి వేరుచేసే వాలెస్ రేఖను గోడలాగా ఊహించుకోవడం కూడా సరికాదు. క్షీరదాల విషయంలో స్పష్టంగా కనిపించే ఆ గీత, గాలికీ నీటికీ విత్తనాలు కొట్టుకుపోయే మొక్కల విషయంలో చాలా మసకబారుతుంది.

అపోహ: కొండ ఎక్కేకొద్దీ జాతులు క్రమంగా తగ్గిపోతాయి.

వాస్తవం: అనేక కొండల్లో, అనేక వర్గాల్లో జాతుల సంఖ్య మధ్య ఎత్తులో అత్యధికంగా ఉండి, అక్కడి నుంచి పైకి తగ్గుతుంది. పైగా కొండల్ని పేద ప్రాంతాలుగా భావించడమే పొరపాటు: అంటార్కిటికా మినహా నేలలో దాదాపు నాలుగో వంతు మాత్రమే ఉన్న పర్వత ప్రాంతాల్లో, ప్రపంచంలోని ఉభయచరాలు, పక్షులు, క్షీరదాల జాతుల్లో 85 శాతానికి పైగా కనిపిస్తాయి.

అపోహ: దీవులు జాతుల సంఖ్యలో సంపన్నమైనవి.

వాస్తవం: దీవుల సంపద ప్రత్యేకతలో ఉంది, సంఖ్యలో కాదు. అంతే విస్తీర్ణం ఉన్న ఖండభాగంతో పోలిస్తే మారుమూల దీవిలో జాతులు తక్కువే. హవాయి దీవుల్లో సహజంగా ఒక్క కప్ప జాతి కూడా లేదు. కానీ అక్కడి సహజ పుష్పజాతుల్లో సుమారు 90 శాతం ప్రపంచంలో మరెక్కడా లేవు. దీవుల మధ్య పోలికల్లో స్థూలంగా, విస్తీర్ణం పదిరెట్లు పెరిగితే జాతుల సంఖ్య రెట్టింపు అవుతుంది.

అపోహ: జీవవైవిధ్య 'హాట్‌స్పాట్' అంటే జాతులు అత్యధికంగా ఉన్న ప్రదేశం.

వాస్తవం: ఆ పేరుకు రెండు షరతులున్నాయి. మరెక్కడా లేని నాళికా మొక్కల (నీటిని మోసే నాళాలున్న మొక్కల) జాతులు కనీసం 1,500 ఉండాలి. మూల వృక్షసంపదలో కనీసం 70 శాతం పోయి ఉండాలి. అమెజాన్ మహారణ్యం ప్రస్తుత 36 హాట్‌స్పాట్‌లలో లేకపోవడానికి కారణం రెండో షరతే. రక్షించాల్సిన చోట్లను ఎంచడానికి జాతుల సంఖ్యను చూపే పటం ఒక్కటే ఎందుకు చాలదో ఆఫ్రికా పక్షులు చెబుతాయి. సహారాకు దక్షిణాన ఆ పటం ఆకృతిని ప్రధానంగా విశాల పరిధి గల జాతులే నిర్ణయిస్తున్నాయని 2002లో తేలింది. ఒకటి రెండు కొండలకే పరిమితమై, అంతరించే ప్రమాదం ఎక్కువగా ఉన్న పక్షులు ఆ రంగుల్లో కనిపించనే కనిపించవు.

అపోహ: పటంలో చుక్క లేని చోట ఆ జాతి లేదు, రంగు నిండిన చోటంతా ఉంది.

వాస్తవం: ఈ రెండూ మా వృత్తిలో నిత్యం ఎదురయ్యే చిక్కులు. నమూనాలు సేకరించేవారు దారులు, నదులు, పరిశోధన కేంద్రాల వెంట తిరుగుతారు కనుక, చుక్కల పటం కొంతమేరకు వాళ్లు తిరిగిన దారుల పటమే. బ్రెజిల్ అమెజాన్‌లో హిమయుగంలో వర్షారణ్యాలు మిగిలి ఉన్న ఆశ్రయాలుగా కొందరు సూచించిన ప్రాంతాలు, మొక్కల నమూనాలు ఎక్కువగా సేకరించిన ప్రాంతాలతో సరిపోలుతున్నాయని 1990లో ప్రచురితమైన ఒక పరిశీలన చూపింది. మరోవైపు, జాతి పరిధిని రంగు నింపి చూపే పటాలను క్షేత్రంలో చేసిన గణనలతో పోల్చి చూస్తే, అవి సుమారు 100 నుంచి 200 కిలోమీటర్ల గడుల స్థాయిలో మాత్రమే నమ్మదగినవి. అంతకన్నా సన్నని గడుల్లో, జాతి లేని చోట కూడా ఉన్నట్లు చూపుతాయి. అందుకే జాతుల సంఖ్య పటాన్ని గీయడానికి ముందు నేను ప్రతి గడిలో ఎన్ని సేకరణలు జరిగాయో చూపే పటాన్ని గీస్తాను. రెండూ ఒకేలా కనిపిస్తే, సేకరణల తేడాను సరిచేసిన అంచనాలు చేతికి వచ్చేదాకా మొదటిదాన్ని పక్కన పెడతాను.