పరికరం ముందొచ్చింది, శిక్షణ వెనకబడింది

ఆర్థిక సహకార దేశాల కూటమి ఓఈసీడీ టీచర్లపై 2018లో జరిపిన అంతర్జాతీయ సర్వే టాలిస్‌లో వాళ్లను ఒక సూటి ప్రశ్న అడిగారు: బోధనలో కంప్యూటర్, ఇంటర్నెట్ వాడటం మీ ఉపాధ్యాయ విద్యలో భాగంగా ఉందా? ఉందన్నవారు సగటున 56 శాతం. కోర్సు ముగిసేసరికి ఆ పనికి బాగా సిద్ధమయ్యామని చెప్పినవారు 43 శాతమే. అప్పటికి బడుల్లోకి కంప్యూటర్లు వచ్చి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. ఇంత కాలం, ఇంత ఖర్చు తర్వాత కూడా సగానికి పైగా టీచర్లు తడబడుతున్నారంటే లోపాన్ని వాళ్లలో వెతకడం అన్యాయం. వాళ్లకు ఏం నేర్పారు, ఎప్పుడు నేర్పారు, ఎలా నేర్పారు అన్నది చూడాలి.

ఈ కథలో రెండు పాయలున్నాయి. పిల్లలే చేస్తూ నేర్చుకునే విద్యార్థి కేంద్రిత బోధన ఒక ఊట నుంచి పుట్టింది, తరగతిలోకి యంత్రం మరో ఊట నుంచి వచ్చింది. జాన్ డ్యూయీ 1896లో షికాగోలో ప్రయోగ పాఠశాల తెరిచారు. అక్కడ పిల్లలు వంట, వడ్రంగం వంటి పనులు చేస్తూ వాటిలోంచే లెక్కలూ విజ్ఞానశాస్త్రమూ నేర్చుకునేవారు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో మొదలుపెట్టిన బడిలో పిల్లలు తమకు నచ్చిన సామగ్రిని తీసుకుని తమ వేగంతో పని చేసుకునేవారు. ఈ రెండు చోట్లా టీచర్ పని చెప్పడం కన్నా గమనించడమే ఎక్కువ. యంత్రాల దారి వేరు. పుస్తకాలకు బడుల్లో త్వరలోనే కాలం చెల్లుతుందని, వాటి స్థానంలో సినిమా వస్తుందని థామస్ ఎడిసన్ 1913లో అన్నారు. సినిమా తర్వాత రేడియో, ఆ తర్వాత టీవీ వచ్చాయి. అన్నిటిలోనూ పిల్లలు వరసగా కూర్చుని చూడాలి, వినాలి. టీచర్‌కు మిగిలింది స్విచ్ వేయడం, చివర్లో నాలుగు ప్రశ్నలు అడగడం.

ఆ పద్ధతి ఎంతదూరం పోగలదో పసిఫిక్‌లో అమెరికా పాలనలోని అమెరికన్ సమోవా దీవుల్లో తేలింది. 1964లో అక్కడ పాఠాలను స్టూడియోలో తయారుచేసి టీవీలో ప్రసారం చేయడం మొదలుపెట్టారు. తరగతిలోని టీచర్ పని ఆ పాఠానికి ముందూ వెనకా అభ్యాసం చేయించడానికి కుదించుకుపోయింది. కొన్నేళ్లకే పై తరగతుల పిల్లల్లో, టీచర్లలో అసంతృప్తి పెరిగింది. 1970లలో టీవీ పాత్రను తగ్గించుకుంటూ వచ్చారు. ఎదురుగా కూర్చున్న పిల్లలకు ఏది అర్థం కాలేదో స్టూడియోకు తెలియదు. తెలిసిన టీచర్ చేతిలో పాఠం లేదు.

అదే కాలంలో మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ బోధన యంత్రాలు కూడా వచ్చాయి. ఒక్కో పిల్లవాడు ఒక్కో యంత్రం ముందు కూర్చుని చిన్న చిన్న ప్రశ్నలకు జవాబులిస్తూ ముందుకు పోతాడు. దీన్ని చాలామంది విద్యార్థి కేంద్రితమని పొరబడ్డారు, ఇప్పటికీ పొరబడుతున్నారు. వేగం పిల్లవాడిదే కానీ ప్రశ్న, దారి, జవాబు అన్నీ ముందే ఎవరో నిర్ణయించినవి. పిల్లవాడు కంప్యూటర్‌ను నడిపించాలన్న ఆలోచన 1967లో లోగో అనే ప్రోగ్రామింగ్ భాషతో రూపం కట్టింది. సేమూర్ పాపర్ట్, వాలీ ఫోయిర్‌జైగ్, సింథియా సోలమన్ దాన్ని తయారుచేశారు. రెండు ఊటలు కలిసింది ఇక్కడే. అయితే లోగో తరగతిలో టీచర్ పని కష్టతరం. పిల్లవాడు ఆదేశాలిచ్చి తెర మీద గీయించిన చతురస్రం వంకరపోతే కోణం సరిదిద్ది ఇవ్వకుండా, ఏ ఆదేశం దగ్గర తేడా వచ్చిందో అతడే పట్టుకునేలా ప్రశ్న వేయాలి. ఆ ప్రశ్న వేయడం ఎవరూ నేర్పని చోట లోగో కూడా ఆదేశాలు బట్టీపట్టే మరో పాఠంగా మిగిలిపోయింది.

1980లలో చిన్న కంప్యూటర్లు బడికి చేరాయి. బ్రిటన్‌లో 1981 చివర్లో బీబీసీ మైక్రో విడుదలైంది. అప్పటి శిక్షణల్లో ఎక్కువ భాగం యంత్రం చుట్టూ తిరిగింది: ఎలా ఆన్ చేయాలి, ఫైలు ఎలా దాచాలి, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నాలుగు వరుసలు ఎలా రాయాలి. ఆ మాటకొస్తే అప్పుడది తప్పనిసరి కూడా. తప్పు జరిగింది తర్వాత. యంత్రం వాడటం తేలికైపోయాక కూడా శిక్షణ అక్కడే ఆగిపోయింది. బేసిక్ పోయి స్లైడ్లు వచ్చాయి, స్లైడ్లు పోయి యాప్‌లు వచ్చాయి, శిక్షణ మాత్రం బటన్ల దగ్గరే ఉంది.

ఈ చరిత్రలో ఎక్కువ సేపు నిలిచి చూడాల్సింది 1985లో మొదలైన యాపిల్ క్లాస్‌రూమ్స్ ఆఫ్ టుమారో ప్రాజెక్టు. మొదట్లో ప్రతి విద్యార్థికీ ప్రతి టీచర్‌కూ రెండేసి కంప్యూటర్లు ఇచ్చారు, బడిలో ఒకటి, ఇంట్లో ఒకటి. అంటే పరికరాల కొరత అన్న సాకు లేదు. అయినా పాఠం మారలేదు. పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించి టీచర్ ఎదుగుదలలో ఐదు దశలు గుర్తించారు: ప్రవేశం, స్వీకారం, సర్దుబాటు, సొంతం చేసుకోవడం, సృజన. ప్రవేశ దశలో ఏళ్ల అనుభవం ఉన్నవారు కూడా కొత్తగా చేరిన టీచర్లలా ఇబ్బందిపడ్డారు. గది అదుపు తప్పింది, సమయం చాలలేదు, యంత్రాలు మొరాయించాయి. స్వీకార దశలో పాత ఉపన్యాసానికే, పాత అభ్యాసాలకే కంప్యూటర్‌ను తోడు చేసుకున్నారు. సర్దుబాటు దశలో పిల్లలు పని వేగంగా ముగించడం కనిపించింది. ఆ పైనే బృందాలుగా పని, ప్రాజెక్టులు, సబ్జెక్టులను కలిపి చెప్పడం వచ్చాయి. ఈ దశల్ని దాటడానికి పట్టింది ఏళ్లు. రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి మూడో రోజు విద్యార్థి కేంద్రిత తరగతి కావాలని అడిగే అధికారి ఈ ఫలితాన్ని ఒక్కసారైనా చదివితే బాగుండును.

నిజానికి ఈ హెచ్చరిక అంతకు ముందే వచ్చింది. 1970లలో టెక్సస్ విశ్వవిద్యాలయంలో జీన్ హాల్, ఆయన సహచరులు కొత్త పద్ధతి ఎదురైనప్పుడు టీచర్ల ఆందోళనలు ఒక క్రమంలో మారతాయని చూపారు. మొదట ‘నా సంగతేమిటి’, తర్వాత ‘ఈ పని ఎలా సర్దుకోవాలి’, ఆ తర్వాతే ‘పిల్లలకు ఏం ఒరుగుతోంది’. మొదటి ప్రశ్న దగ్గరున్న మనిషికి మూడో ప్రశ్న మీద ఉపన్యాసం ఇస్తే చెవికెక్కదు. 1980లో బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ ఉద్యోగంలో ఉన్న టీచర్ల శిక్షణపై పరిశోధనలన్నీ పరిశీలించి ఐదు భాగాలు చెప్పారు: సిద్ధాంతం, ప్రదర్శన, అభ్యాసం, స్పందన, తరగతిలోనే తోడుండి సాయపడే కోచింగ్. మొదటి రెండింటితో ఆగిపోతే విన్నది తరగతి గది దాకా రాదని, చివరిది చేరితేనే వస్తుందని వారి వాదన. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు ముందు కోతపడేది ఆ చివరిదే.

డబ్బు లెక్కా అదే చెబుతుంది. అప్పట్లో అమెరికా కాంగ్రెస్‌కు సాంకేతిక సలహాలిచ్చిన కార్యాలయం 1995లో ఇచ్చిన నివేదిక ప్రకారం అక్కడ బడులను నడిపే పాఠశాల జిల్లాలు తమ సాంకేతిక బడ్జెట్‌లో టీచర్ల శిక్షణకు పెట్టింది సగటున 15 శాతం మించలేదు. 30 శాతం దాకా ఉండాలని కొన్ని రాష్ట్రాలు అప్పటికే సూచించాయి. 1999లో అక్కడి విద్యాశాఖ కాబోయే టీచర్ల కోసం పీటీ3 అనే పథకాన్ని 7.5 కోట్ల డాలర్లతో ప్రారంభించింది. బోధించేవారికి ముందు బోధించాలన్నది అందులో మెచ్చదగిన విషయం. ఉపాధ్యాయ కళాశాలలో అధ్యాపకులు సుద్దముక్కతోనే పాఠం చెప్పి, విడిగా ఒక కంప్యూటర్ పేపర్ పెడితే, విద్యార్థి రేపు తరగతిలో అనుకరించేది ఆ సుద్దముక్కనే.

అదే ఏడాది బ్రిటన్ లాటరీ నిధులతో 23 కోట్ల పౌండ్లు కేటాయించి ఉద్యోగంలో ఉన్న టీచర్లందరికీ శిక్షణ తలపెట్టింది. ఉద్దేశం సరైనదే: యంత్రం కాదు, సబ్జెక్టులో దాని వాడకం నేర్పాలి. అయితే తరగతి వదిలి రావడానికి ప్రత్యామ్నాయ టీచర్ల ఏర్పాటుకు ఈ నిధి డబ్బివ్వలేదు. బడి అయ్యాక అలసిన సాయంత్రాల్లో ఈ పని చేయాల్సి వచ్చింది. మౌస్ పట్టడమే కొత్తైనవారికీ ఏళ్లుగా వాడుతున్నవారికీ ఒకే శిక్షణ చాలాచోట్ల అందింది. తనిఖీ నివేదికలు పథకాన్ని గట్టిగానే విమర్శించాయి.

ఏం నేర్పాలన్న ప్రశ్నకు మెరుగైన జవాబు 2006లో వచ్చింది. సబ్జెక్టు జ్ఞానం, బోధన జ్ఞానం కలిసిన చోట టీచర్‌కే ప్రత్యేకమైన మరో జ్ఞానం ఉంటుందని అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లో చెప్పారు. పుణ్య మిశ్రా, మాథ్యూ కోలర్ దానికి సాంకేతికతను జోడించారు. అదే ఇప్పుడు టీప్యాక్ అంటున్నది. సరళరేఖ సమీకరణం పాఠం తీసుకోండి. జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్ జరిపితే రేఖ వాలు మారుతుందని తెలియడం సాంకేతిక జ్ఞానం. వాలు, అంతరఖండం పిల్లలు తారుమారు చేసుకుంటారని తెలియడం సబ్జెక్టూ బోధనా కలిసిన జ్ఞానం. రెండు స్లైడర్లూ ఒకేసారి ఇస్తే ఆ తికమక ముదురుతుంది. ముందు ఒకటే ఇచ్చి, జరపక ముందే రేఖ ఎటు తిరుగుతుందో కాగితం మీద గీయించాలి. ఈ చివరి సంగతి ఏ సాఫ్ట్‌వేర్ మాన్యువల్‌లోనూ ఉండదు. శిక్షణలో నేర్పాల్సింది దీన్నే.

నేర్పకపోతే ఏమవుతుందో పెరూ చూపింది. ‘ఒక్కో పిల్లవాడికి ఒక్కో ల్యాప్‌టాప్’ పథకం కింద అక్కడ లక్షల యంత్రాలు పంచారు. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 319 గ్రామీణ బడుల్లో అధ్యయనం చేసి 2012లో ఫలితాలు ప్రకటించింది. విద్యార్థికి 0.12 చొప్పున ఉన్న కంప్యూటర్లు 1.18కి పెరిగాయి. గణితం, భాష మార్కుల్లో మాత్రం మెరుగుదల కనిపించలేదు. టీచర్లకు ఉద్దేశించిన శిక్షణ 40 గంటలు, అదీ ప్రధానంగా యంత్రం వాడకం మీద. 2007లో ఇదే బాటలో మొదలైన ఉరుగ్వే ఆంగ్ల బోధనకు మరో ఏర్పాటు చేసుకుంది. వీడియోలో దూరం నుంచి ఒక భాషా టీచర్ పాఠం చెబితే, తరగతి టీచర్ పక్కనుండి మిగతా పీరియడ్లలో దాన్ని కొనసాగిస్తారు, ఇద్దరూ కలిసి ప్రణాళిక వేసుకుంటారు. సమోవా టీవీకీ దీనికీ తేడా ఆ ఉమ్మడి ప్రణాళికలోనే ఉంది.

పరికరం అతి తక్కువగా ఉండి బోధన పూర్తిగా మారిన ఉదాహరణ హార్వర్డ్‌లో భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన సహవిద్యార్థి బోధన. ఒక బహుళైచ్ఛిక ప్రశ్న వేస్తారు. ఎవరికి వారు ఆలోచించి జవాబు ఎంచుకుంటారు. సరైన జవాబులు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటే పక్కవారితో వాదించుకోమని, మళ్లీ జవాబివ్వమని అంటారు. 30 కన్నా తక్కువైతే వాదనకు సరుకు లేదు, భావనను మళ్లీ చెప్పాలి. 70 దాటితే చిన్న వివరణతో ముందుకు పోవాలి. జవాబు నొక్కే క్లిక్కర్ పరికరం లేకపోతే రంగు కార్డులూ పనికొస్తాయి. కష్టమంతా ప్రశ్న రాయడంలో ఉంది. తప్పు జవాబుల్లో ప్రతిదీ పిల్లలు నిజంగా చేసే పొరపాటు అయి ఉండాలి.

ఈ అనుభవాలన్నీ కలిపి చూస్తే పనికొచ్చే శిక్షణ రూపం స్పష్టంగానే ఉంది. పిల్లలు ఏటా తడబడే పాఠం ఒకటి టీచరే ఎంచుకోవాలి. గడియారం పెట్టుకుని తోటి టీచర్లను పిల్లలుగా కూర్చోబెట్టి నడపాలి. తర్వాత తన తరగతిలో చెబుతున్నప్పుడు ఒక సహోద్యోగి వచ్చి, టీచర్‌ను కాక పిల్లలను గమనించాలి: ఎవరు మాట్లాడారు, ఎవరు చేతులు ముడుచుకున్నారు, ఎక్కడ ఆగిపోయారు. అదే రోజు అరగంట కూర్చుని మాట్లాడుకుని, పాఠం సవరించి మరో సెక్షన్‌లో మళ్లీ చెప్పాలి. ఒక టర్మ్‌లో ఇలాంటి చుట్లు మూడు నాలుగైనా తిరగాలి. చెడేది సాధారణంగా చిన్న విషయాల్లోనే. 45 నిమిషాల పీరియడ్‌లో 10 నిమిషాలు పాస్‌వర్డ్‌లకు పోతాయి, అందుకే కార్డుల మీద రాసి ఉంచాలి. 30 పరికరాలు ఒకేసారి వీడియో తెరిస్తే నెట్‌వర్క్ కూలబడుతుంది, ముందురోజే దించుకోవాలి. ముగ్గురికి ఒక పరికరమైతే ఒక్కరే నొక్కుతూ ఇద్దరు చూస్తారు. నొక్కేవారు, చదివేవారు, రాసేవారు అని పాత్రలిచ్చి ఐదారు నిమిషాలకోసారి మార్చాలి. కరెంటు పోతే అదే ప్రశ్న కాగితం మీద సాగేలా రెండో ప్రణాళిక జేబులో ఉండాలి.

ప్రమాణాల పత్రాలకు కొదవ లేదు. టీచర్లకు ఏ సాంకేతిక నైపుణ్యాలుండాలో చెప్పే సామర్థ్య చట్రాన్ని యునెస్కో 2008లో తెచ్చి 2011, 2018ల్లో సవరించింది. తాజా రూపంలో ఆరు అంశాలు, మూడు స్థాయిలు, 18 సామర్థ్యాలు. యూరప్ 2017లో 22 సామర్థ్యాల చట్రం తెచ్చింది. 2020లో మహమ్మారి బడులు మూయించాక టీచర్లు రాత్రికి రాత్రే తెర ముందుకు రావాల్సి వచ్చింది, చాలాచోట్ల సమోవా నాటి ఏకపక్ష పాఠమే తిరిగొచ్చింది. మూడేళ్ల తర్వాత, 2023లో యునెస్కో లెక్కగడితే టీచర్ల సాంకేతిక నైపుణ్యాలకు ప్రమాణాలున్న దేశాలు సగమే. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. కృత్రిమ మేధపై టీచర్లకు 15 సామర్థ్యాల చట్రాన్ని యునెస్కో 2024 సెప్టెంబరులో విడుదల చేసింది. అప్పటికి దాదాపు రెండేళ్లుగా పిల్లలు దాన్ని వాడుతూనే ఉన్నారు.