శాస్త్రం ఎవరి మాట? ఒంగోలు, మూలపేటల నేపథ్యం

ధర్మగ్రంథాలలోని నీతి దేవుడు చెప్పినదా, మనుషులు రాసుకున్నదా అన్న వాదం మళ్ళీ రాజుకున్నప్పుడల్లా ఒక పక్షం వేదకాలం నుంచి, మరో పక్షం మోషేకు దేవుడు ఆజ్ఞలిచ్చాడని బైబిల్ చెప్పే సీనాయి కొండ నుంచి మొదలుపెడుతుంది. ఆ పూర్వరంగం అందరికీ తెలిసినదే. శివకేశవులు ఒక్కటైన హరిహరనాథుణ్ణి కృతిభర్తగా నిలిపి, అంటే ఆయనకు తన భారతాన్ని అంకితమిచ్చి, తిక్కన శైవ వైష్ణవాలకు కుదిర్చిన సంధిని కూడా నెల్లూరువారికి కొత్తగా చెప్పనక్కర లేదు. నేటి తగవు అర్థం కావాలంటే, 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు ఎదురైన ఒక చిక్కును చూడాలి.

ఆయన బడికి మొదట వచ్చినవారు బ్రాహ్మణుల, ఇతర అగ్రవర్ణాల పిల్లలు. తోలు వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య ప్రభావంతో మాదిగలు రావడం మొదలయ్యాక, వారిని చేర్చుకుంటే తాము దూరమవుతామని అగ్రవర్ణాలవారు స్పష్టం చేశారు. ఎటూ తేల్చుకోలేని దొర తన గదిలో దొంతరగా పేర్చి ఉన్న బైబిళ్లలో ఒకదానిని యథాలాపంగా తీసి తెరిస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో, లోకం తృణీకరించిన వారినే దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం కనబడింది. వేరే గదిలో ఉన్న ఆయన భార్య హారియెట్ కూడా అదే సమయంలో అదే భాగం చదివి అదే నిర్ణయానికి వచ్చారని ఆ దంపతుల కథనం. మాదిగలకు ప్రవేశం దొరికింది, బ్రాహ్మణ పిల్లలు బడి మానేశారు.

దైవపక్షానికి ఈ జిల్లాలలో ఇంతకన్న బలమైన సాక్ష్యం లేదు, దానిని తేలికగా కొట్టిపారేయడమూ న్యాయం కాదు. అయితే దాసులు యజమానులకు లోబడి ఉండాలన్న ఎఫెసీయులకు రాసిన పత్రికలోని వాక్యం కూడా ఆ గ్రంథంలోనే ఉంది. అటువంటి వాక్యాలను పట్టుకునే అమెరికా దక్షిణాది బాప్టిస్టులు బానిసత్వాన్ని సమర్థించి, 1845లో ఉత్తరాదివారితో తెగతెంపులు చేసుకున్నారు. క్లౌను పంపినది ఉత్తరాది సంస్థ. ఒంగోలులో ఆ పుట దానంతట అదే తెరుచుకున్నదనుకున్నా, దానిని ఆజ్ఞగా స్వీకరించిన మనసు ఎక్కడ తయారైందో చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

క్రైస్తవంలో చేరినవారికి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయరాదు, విగ్రహాలకు మొక్కరాదు, చచ్చిన గొడ్డు మాంసం తినరాదు. ఈ మూడవదే ఊరి కట్టుబాటును కదిలించింది. ఎందుకంటే చచ్చిన పశువును ఈడ్చుకుపోవడం, తోలు తీయడం, రైతులకు చెప్పులు కుట్టివ్వడం, జాతరలో డప్పు కొట్టడం, అన్నీ ఒకదానికొకటి ముడిపడిన వెట్టి పనులు. బైబిల్‌లోని ద్వితీయోపదేశకాండము పద్నాలుగో అధ్యాయం చచ్చినదానిని తినవద్దంటూనే, దానిని ఇంటి దగ్గరున్న పరదేశికి ఇవ్వవచ్చుననీ, అన్యునికి అమ్మవచ్చుననీ అంటుంది. ఈ రెండో సగాన్ని పట్టుకుని నియమం పెట్టి ఉంటే మాదిగల బతుకు ఉన్నచోటే ఉండేది.

హిందూ పక్షంలోనూ ఇదే వరస. 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష పూని సాధించారు. మరుసటి ఏడు మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. ఆ చట్టం తమకు వర్తించదని దక్షిణ కన్నడ జిల్లా మూల్కీలోని వెంకటరమణ ఆలయ ధర్మకర్తలు వేసిన దావా సుప్రీంకోర్టుకు చేరింది. 1958లో కోర్టు ఆలయ పూజావిధులను చెప్పే ఆగమ శాస్త్రాలను పరిశీలించి, గుడిలోకి ఎవరు రావచ్చునన్నది మతానికి సంబంధించిన విషయమేనని ఒప్పుకుంది. ఒప్పుకుంటూనే, హిందూ ఆలయాలను అన్ని వర్గాల హిందువులకు తెరిచే చట్టాలను అనుమతించే రాజ్యాంగంలోని 25(2)(బి) అధికరణం దానికి పైన ఉంటుందని తీర్పు చెప్పింది. శాస్త్రాన్ని మెత్తగా వ్యాఖ్యానించి తప్పించుకునే దారి ఉన్నా న్యాయమూర్తులు దానిని ఎంచుకోలేదు.

నేడు శాస్త్రం అపౌరుషేయమని, అంటే మనుషులు రాసినది కాదని, వాదించేవారిలో మూలపేట తలుపులు మళ్ళీ మూయాలనేవారు కనబడరు. ఆ తలుపులు ఏ ప్రమాణంతో తెరుచుకున్నాయని అడిగితే మాత్రం, అసలు శాస్త్రంలో నిషేధమే లేదంటారు. 1958 నాటి తీర్పు పాఠం ఆ సమాధానానికి అనుకూలించదు.