హత్యల కథలు రాసిన ఆవిడ, ఆవిడ కుక్కలు

చిరంజీవులకు,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో చిన్నది ఒక ప్రశ్న అడిగింది. "ఎవరిని ఎలా చంపించాలా అని రోజూ ఆలోచించే మనిషికి కుక్కలంటే అంత ప్రేమ ఎలా ఉంటుంది అమ్మమ్మా?" అని. అగథా క్రిస్టీ గురించి. రెండు ముక్కల్లో తేల్చేసే జవాబు కాదని ఉత్తరం రాస్తున్నాను. పెద్దాడు చదివి వినిపించాలి, మధ్యలో సొంత కవిత్వం కలపకుండా.

ఆవిడ ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతంలోని టార్కీ అనే సముద్రతీరపు ఊళ్లో 1890 సెప్టెంబరు 15న పుట్టింది. ఐదో పుట్టినరోజుకి వాళ్ల నాన్న నాలుగు నెలల యార్క్‌షైర్ టెర్రియర్ జాతి కుక్కపిల్లను తెచ్చి ఇచ్చాడు. ఆయన అమెరికన్, అందుకని దానికి జార్జ్ వాషింగ్టన్ అని పేరు పెట్టారు. ఇంట్లో ముద్దుగా టోనీ అనేవారు. పిల్ల ఎగిరి గంతేస్తుందని ఆయన ఎదురుచూస్తుంటే, ఈ అమ్మాయి నోట మాట లేదు. కుక్కపిల్ల వంక సరిగ్గా చూడను కూడా లేదు. గబగబా వెళ్లి టాయిలెట్‌లో తలుపేసుకుంది. మూత మీద కూర్చుని, గోడకు తగిలించిన టార్కీ ఊరి మ్యాపు కేసి చూపు నిలిపి, "నాకు కుక్క ఉంది, నా సొంత కుక్క" అని తనలో తానే అనుకుంటూ ఉండిపోయిందట. పాపం, తన బహుమతి నచ్చలేదేమోనని వాళ్ల నాన్న చిన్నబుచ్చుకున్నాడు. పెద్దయ్యాక ఆవిడే ఆత్మకథలో రాసుకుంది ఇదంతా. ఆ మ్యాపు సంగతి చదివినప్పుడే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది. తట్టుకోలేనంత సంతోషంలో కూడా కళ్ల ముందున్నది గుర్తు పెట్టుకున్న మనిషి ఆవిడ.

ఇక ఆవిడ పని సంగతి. ఇది నా వృత్తికి దగ్గరి విషయం కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆవిడ టార్కీ ఆసుపత్రిలో మొదట నర్సుగా, తర్వాత మందులు కలిపి ఇచ్చే డిస్పెన్సరీలో పనిచేసింది. 1917లో అందుకు సంబంధించిన పరీక్ష కూడా పాసైంది. అప్పట్లో మందులు ఇలా రేకుల్లో వచ్చేవి కావు. పొడులు తూచి, ద్రావకాలు కొలిచి, చేత్తో కలపాలి. పని నేర్చుకోవడానికి ఊళ్లోని ఒక ఫార్మసిస్టు దగ్గరకు వెళ్లేది. ఒకరోజు ఆయన సపోజిటరీలు, అంటే మింగకుండా వెనకవైపు నుంచి పెట్టే మందు, చేస్తూ లెక్కలో దశాంశ బిందువు తప్పు చోట పెట్టాడు. మోతాదు పదింతలైంది. పక్కన నిలబడ్డ ఈ అమ్మాయికి అది కనిపించింది. ఆయన పెద్దవాడు, పేరున్నవాడు, తాను నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. "మీరు తప్పు చేశారు" అంటే వింటాడా? అందుకని కాలు తడబడ్డట్టు నటించి, ఆ పళ్లెం మొత్తం కింద పడేసి, పడ్డవాటిని బూటుకాలితో గట్టిగా తొక్కేసింది. "అయ్యో, క్షమించండి" అంది. ఆయన కూడా "పోనీలే" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి, ఈసారి సరిగ్గా చేశారు.

ఇన్నేళ్లు సర్కారు ఆసుపత్రి ఫార్మసీలో నిలబడ్డదాన్ని, ఆ పేజీ చదువుతుంటే నా గుండె ఆగినంత పనైంది. మందు చీటీ మీద ఒక్క చుక్క అటూ ఇటూ అయితే ఏమవుతుందో నాకు తెలుసు.

ఆ ఫార్మసిస్టే జేబులోంచి క్యురారే అనే విషం ఉండ ఒకటి తీసి చూపించి, ఇది దగ్గరుంటే తనకు బలం ఉన్నట్టు అనిపిస్తుందన్నాడట. ఆ మాట ఆవిడ మనసులో నాటుకుపోయింది. పైకి మామూలుగా, మర్యాదగా కనిపించే మనిషి లోపల ఎలా ఉంటాడో అక్కడ చూసింది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఒక నవలకు ఆయన పనికొచ్చాడు.

మొదటి నవల 'ద మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్' ఆలోచన ఆ డిస్పెన్సరీలోనే పుట్టింది. పని లేని మధ్యాహ్నాల్లో చుట్టూ అల్మరాల నిండా విషాలే, మరి ఇంకేం తడుతుంది? నువ్వు డిటెక్టివ్ కథ రాయలేవని వాళ్ల అక్క అన్న మాట కూడా గుర్తుంది. యుద్ధంవల్ల బెల్జియం నుంచి పారిపోయి టార్కీకి వచ్చిన శరణార్థులను చూసి హెర్క్యూల్ పోయ్‌రో అనే డిటెక్టివ్‌ను తయారుచేసింది. నాలుగైదు చోట్ల తిరిగి, 1920లో అచ్చయింది. చేతికొచ్చింది 25 పౌండ్లు. ఆ పుస్తకంలో విషం ఎలా పనిచేసిందో నేను చెప్పను, మీరే చదవాలి. మందు సీసా కదిపి తాగమని లేబుల్ మీద ఎందుకు రాస్తామో తెలిసినవాళ్లకు మాత్రం అది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. ఫార్మసీ వాళ్ల పత్రికే ఆ పుస్తకాన్ని మెచ్చుకుంది. అన్ని పొగడ్తల్లోకీ ఆవిడకు అదే ఎక్కువ నచ్చింది, నాకు ఆశ్చర్యం లేదు.

ఇంకో ముచ్చట. 1961లో వచ్చిన ఒక నవలలో థాలియం అనే విషం లక్షణాలు ఆవిడ వివరంగా రాసింది. 1977లో ఖతర్ నుంచి లండన్ ఆసుపత్రికి ఒక పసిబిడ్డను తెచ్చారు. జబ్బేమిటో డాక్టర్లకు అంతుపట్టలేదు. అప్పుడు ఆ నవల చదువుతున్న ఒక నర్సు, ఇది థాలియం కావచ్చన్నది. పరీక్షిస్తే అదే. బిడ్డ బతికింది. అప్పటికి క్రిస్టీ చనిపోయి ఏడాది దాటింది. నవల పేరు కావాలనే రాయట్లేదు, మీకు కథ పాడవుతుంది.

మళ్లీ కుక్కల దగ్గరికి వద్దాం. ఆవిడ జీవితంలో అతి కష్టమైన సంవత్సరం 1926. ఏప్రిల్‌లో అమ్మ పోయింది. కొన్ని నెలలకే భర్త వేరే అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పాడు. డిసెంబరులో ఆవిడ పదకొండు రోజులు కనిపించకుండా పోయింది. పేపర్లన్నీ గోల గోల చేశాయి. ఆ రోజుల గురించి జనం ఇప్పటికీ కథలు అల్లుతున్నారు. ఆవిడ ఆత్మకథలో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆవిడ చెప్పదల్చుకోనిదాన్ని నేనూ తవ్వను.

ఆ సమయంలో ఆవిడను వదలనివాళ్లు ఇద్దరు. సెక్రటరీ షార్లట్ ఫిషర్, ఇంట్లో కార్లో అని పిలిచేవారు. రెండోది పీటర్, గరుకు బొచ్చు టెర్రియర్. కార్లో, ఆవిడ కూర్చుని తెలిసినవాళ్లందరినీ రెండు జట్లుగా విడదీశారట. కష్టంలో మొహం చాటేసినవాళ్లు ఎలుకల జట్టు. నిలబడ్డవాళ్లు 'నమ్మకమైన కుక్కల' జట్టు, ఇంగ్లిషులో పొడి అక్షరాల్లో ఓ.ఎఫ్.డి. అందులో మళ్లీ ఫస్ట్ క్లాసు, థర్డ్ క్లాసు. ఎలుకలు ఎక్కువమంది తేలలేదు కానీ, అనుకోనివాళ్లు కొందరు తేలారు.

మరుసటి ఏడు డబ్బుకు కటకట. పుస్తకం రాసి తీరాలి, మనసు మొద్దుబారింది. కూతురు రోజలిండ్‌నీ కార్లోనూ తీసుకుని కానరీ దీవులకు వెళ్లి, 'ద మిస్టరీ ఆఫ్ ద బ్లూ ట్రైన్' ఎలాగో లాక్కొచ్చింది. ఆ పుస్తకమంటే ఆవిడకు జీవితాంతం ఇష్టం లేదు. కానీ తాను సరదా రచయిత్రి నుంచి వృత్తి రచయిత్రిగా మారింది అప్పుడేనని చెప్పింది. రాయాలని లేకపోయినా, రాస్తున్నది నచ్చకపోయినా రాయడమే వృత్తి అంటే. నాకు తెలిసినంతలో ఏ పనికైనా ఇది వర్తిస్తుంది. పుస్తకం అంకితం ఎవరికో తెలుసా? 'ఓ.ఎఫ్.డి.'లోని ఇద్దరు విశిష్ట సభ్యులకు, కార్లోటాకూ (అంటే మన కార్లోకే) పీటర్‌కూ.

ఆ పీటరే పదేళ్ల తర్వాత బాబ్ అనే పేరుతో 'డంబ్ విట్‌నెస్' (1937)లో కనిపిస్తాడు. ఆ పుస్తకం పూర్తిగా పీటర్‌కే అంకితం. అందులో ఒక ముసలావిడ రాత్రిపూట మెట్ల మీంచి పడిపోతుంది. బాబ్‌కి ఒక ఆట ఉంది. పై మెట్టు దగ్గర పడుకుని బంతిని ముక్కుతో మెల్లగా నెడతాడు, అది ఒక్కో మెట్టూ దిగుతూ కిందికి పోతుంది, కింద ఎవరైనా పైకి విసరాలి. ముసలావిడ పడ్డ చోట ఆ బంతి దొరికింది. ఇంకేం, నేరం కుక్క మీదికి పోయింది. కానీ పడుకుని ఆలోచించగా ఆలోచించగా ఆవిడకు ఒకటి గుర్తొస్తుంది. తెల్లవారుజామున వీధి తలుపు బయట బాబ్ మొరగడం వినిపించింది. అంటే ఆ రాత్రి వాడు ఇంట్లోనే లేడు. మరి బంతిని మెట్ల మీద పెట్టిందెవరు? అనుమానంతో పోయ్‌రోకి ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం ఆయనకు చేరేసరికి ఆవిడ బతికి లేదు.

చూడండి, ఇందులో కుక్క మనిషిలా మాట్లాడి సాక్ష్యం చెప్పదు. కుక్క చేసే పనులే చేస్తుంది. రాత్రి చెప్పకుండా బయట తిరిగి వస్తుంది, పోస్టుమాన్ అంటే పడదు, కొత్తవాళ్ల మీద ఇల్లెగిరేలా మొరిగి, ఒకసారి వాసన చూశాక పాత స్నేహితుల్లా కలిసిపోతుంది. బంతి ఎక్కడ ఉంటుంది, తలుపు ఎవరు తీస్తారు, ఇవి ఏళ్ల తరబడి ఇంట్లో చూసిన మనిషికే తెలుస్తాయి. మందు సీసాను చూసిన కళ్లే కుక్కనూ చూశాయి. చిన్నదాని ప్రశ్నకు సగం జవాబు ఇదే. మిగతా సగం, ఆవిడ హంతకుల మీద జాలి చూపించే రకం కాదు. అమాయకుల గురించి ఎవరికీ పట్టదేమిటని ఆత్మకథలో బాధపడింది. చేయని తప్పు నెత్తిన పడ్డ కుక్కను నిర్దోషిగా తేల్చడానికి ఒక నవలంతా రాసిన మనిషిది రాతి గుండె అని ఎలా అనుకుంటాం?

ఆవిడకు రాసుకునే గది కూడా ఉండేది కాదు. మీరు రాసుకునే బల్ల దగ్గర ఫొటో తీస్తామని విలేకరులు వస్తే, చూపించడానికి బల్ల లేదు. కదలని టేబులూ టైప్‌రైటరూ ఉంటే చాలు, పడకగదిలో ముఖం కడుక్కునే రాతి పలక బల్ల అయినా సరే. కథ అల్లడానికి మంచి సమయం అంట్లు తోముకునేటప్పుడు అనేది. స్నానాల తొట్టిలో ఆపిల్స్ తింటూ కూడా. తట్టినవి మామూలు స్కూలు నోటుబుక్కుల్లో రాసుకునేది. అలాంటివి 73 దొరికాయి. హత్య ప్లాను పక్కనే పేకాట స్కోర్లు, కొనాల్సిన సామాన్ల పట్టీ. అలా రాస్తూ 66 డిటెక్టివ్ నవలలు. ఫారాల్లో వృత్తి అన్నచోట మాత్రం 'గృహిణి' తరహాలో పెళ్లైన స్త్రీ అనే రాసేది, ఇది నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

1930లో మాక్స్ మాలోవన్ అనే పురావస్తు శాస్త్రవేత్తను పెళ్లి చేసుకుంది. ఏటా ఇరాక్, సిరియా తవ్వకాలకు వెంట వెళ్లేది. నిమ్రూద్‌లో మట్టిలోంచి వచ్చిన వేల ఏళ్ల నాటి దంతపు బొమ్మలను తన ఫేస్‌క్రీమ్‌తోనే శుభ్రం చేసింది. రెండు వారాలకు తన మొహానికి రాసుకోవడానికి క్రీమ్ మిగల్లేదట.

ముసలితనంలో బింగో అని మాంచెస్టర్ టెర్రియర్ ఉండేది. 1973లో, ఎనభై దాటాక రాసిన చివరి నవల 'పోస్టర్న్ ఆఫ్ ఫేట్'లో హానిబాల్ అనే కుక్క వాడే. అంకితం కూడా హానిబాల్‌కీ వాడి యజమానికీ. నిజం చెప్పాలంటే ఆ నవలలో కథ చాలాచోట్ల జారిపోతుంది, మీరు ఇప్పుడే చదవక్కర్లేదు. కానీ హానిబాల్ వచ్చిన పేజీలన్నీ ప్రాణంతో ఉంటాయి.

'డంబ్ విట్‌నెస్' ఈ వారమే కొరియర్ చేస్తాను. అయితే ఒక జాగ్రత్త. అందులో ఒకచోట పోయ్‌రో మాటల్లో పాత నవలల హంతకుల పేర్లు బయట పడేస్తాడు. అందుకని ముందు 'స్టైల్స్', 'రోజర్ ఆక్రాయిడ్', 'బ్లూ ట్రైన్', 'డెత్ ఇన్ ద క్లౌడ్స్' నాలుగూ అయ్యాకే దాన్ని తెరవండి. మొదటి రెండూ మీ అమ్మ అల్మరాలో, పై అరలో, నా పాత కాపీలున్నాయి. అట్టలు ఊడుతున్నాయి, మెల్లగా తీయమనండి.

మీ అమ్మమ్మ